బోటు గుంజడం లేదా? పంపు విప్పే ముందు జాగ్రత్తలు

లక్నవరంలోనో పాకాలలోనో పెట్రోల్ అవుట్‌బోర్డ్ (బోటు వెనక బిగించే ఇంజన్) నడిపే అన్నలారా, స్పీడ్ పడిపోగానే ఫ్యూయల్ పంపు మీద పడకండి. ముందు ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందో లేదో చూడండి. అది మూసి ఉంటే పెట్రోల్ సరిగ్గా రాదు, అచ్చం పంపు పోయినట్టే ఉంటుంది. ఫిల్టర్‌లో నీళ్లు చేరాయేమో కూడా చూడాలి.

నీళ్ల మీద పరీక్షకు ఇద్దరు వెళ్లండి. ఇద్దరికీ లైఫ్ జాకెట్, నడిపేవారికి కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజన్ ఆపేసేది) తప్పనిసరి. పవర్ తగ్గినప్పుడు రెండోవారు ట్యాంకు నుంచి ఇంజన్‌కు వచ్చే పైపు మధ్యలోని రబ్బరు బల్బు పిసకాలి. ఇంజన్ మళ్లీ అందుకుంటే పంపును అనుమానించాలి. బల్బు లోపలికి పీక్కుపోయి చదునుగా ఉంటే అడ్డం ట్యాంకు వైపు ఉంది.

విప్పేది ఒడ్డునే, ఇంజన్ చల్లారాకే. బ్యాటరీ ఉంటే నెగటివ్ వైరు తీసేయండి. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. బీడీలు దూరం. పౌడర్ రకం ఫైర్ సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి.

పెట్రోల్ చెరువులోకి కారకుండా పైపు కింద గుడ్డ, డబ్బా పెట్టండి. ఆ నీళ్లలో చేపలున్నాయి, ఆ నీళ్ల కింద పొలాలున్నాయి. తడిసిన గుడ్డను బోటులో వదలొద్దు.