మీరు చేయని ఖర్చు క్రెడిట్ కార్డు మీద పడితే: ఫిర్యాదు విధానం

మీరు ఏమీ కొనలేదు. అయినా కార్డు మీద ఇరవై వేలు ఖర్చయినట్లు ఫోనుకు సందేశం వచ్చింది. ఇప్పుడు మీరు చేయాల్సిన ఫిర్యాదులు రెండు: ఒకటి బ్యాంకుకు, ఇంకొకటి పోలీసులకు. ఒకటి చేసినంత మాత్రాన రెండోది చేసినట్లు కాదు. సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, ఇక అంతా వాళ్లే చూసుకుంటారని ఊరుకుంటే బ్యాంకు దగ్గర మీ గడువు కరిగిపోతూనే ఉంటుంది. ఆ గడువే మీకున్న అసలు రక్షణ.

ముందుగా బ్యాంకు యాప్‌లోకి వెళ్లి కార్డును నిలిపివేయండి. యాప్ లేకపోతే కార్డు వెనుక అచ్చువేసి ఉన్న నంబరుకే ఫోన్ చేయండి. కంగారులో కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకవద్దు. అక్కడ దొంగ నంబర్లు కూడా ఎదురవుతాయి, ఒక మోసం నుంచి తేరుకోకముందే ఇంకొకదానిలో పడతారు. మాట్లాడిన తర్వాత ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకోండి. అది ఇవ్వడం బ్యాంకు బాధ్యత. ఆ వెంటనే ఇదే సంగతిని ఈమెయిల్‌లో పంపండి. కార్డు చివరి నాలుగు అంకెలు, లావాదేవీ తేదీ, సమయం, మొత్తం, సందేశంలో కనిపించిన దుకాణం పేరు, ఈ ఖర్చు నేను చేయలేదన్న ఒక్క వాక్యం ఉంటే చాలు. కార్డు నంబరు మొత్తం, పిన్, సీవీవీ మాత్రం రాయకండి. చాలా బ్యాంకులు డిస్ప్యూట్ ఫారం, అంటే ఈ ఖర్చు మీద అభ్యంతరం తెలిపే పత్రం, నింపమంటాయి. అది యాప్‌లో గానీ శాఖలో గానీ దొరుకుతుంది.

ఇంత హడావుడి ఎందుకంటే, రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం నష్టాన్ని రోజుల లెక్కన పంచుతుంది. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మీ మీద పైసా భారం ఉండదు. తప్పు మీదీ బ్యాంకుదీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో జరిగితే, సమాచారం అందిన మూడు పనిదినాల్లో తెలియజేసినప్పుడు నష్టమంతా బ్యాంకుదే. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే, 5 లక్షల లోపు పరిమితి ఉన్న కార్డుకు గరిష్ఠంగా 10 వేలు, అంతకు మించిన పరిమితి ఉంటే 25 వేలు మీరు భరించాలి. ఏడు రోజులు దాటాక ఆ బ్యాంకు సొంత విధానమే దిక్కు. సందేశం వచ్చిన రోజును, బ్యాంకు సెలవులను ఇందులో కలపరు. శుక్రవారం మోసం జరిగి మర్నాడు రెండో శనివారమైతే లెక్క సోమవారం మొదలై బుధవారంతో మూడు రోజులు పూర్తవుతాయి. అలాగని బుధవారం దాకా ఆగమని కాదు.

ఓటీపీని మీరే చెప్పి ఉంటే సంగతి వేరు. అది ఖాతాదారు నిర్లక్ష్యం కింద లెక్క. బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు పోయిన డబ్బు నష్టం మీదే. ఆ తర్వాత పోయేది మాత్రం బ్యాంకుది. కాబట్టి సిగ్గుపడి ఒకరోజు దాచడం కన్నా నష్టం ఇంకోటి లేదు. ఫిర్యాదులో ఓటీపీ చెప్పలేదని అబద్ధం రాయడమూ పనికిరాదు. అయితే ఒకటి గుర్తుంచుకోండి: తప్పు ఖాతాదారుదేనని నిరూపించాల్సిన భారం బ్యాంకు మీదే ఉంటుంది. ఓటీపీతో జరిగింది కాబట్టి మీదే బాధ్యత అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, దాన్ని రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి.

మీరు తెలియజేసిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని బ్యాంకు తాత్కాలికంగా మీ ఖాతాలో తిరిగి జమ చేయాలి. ఫిర్యాదును 90 రోజుల్లో తేల్చాలి. ఈలోగా బిల్లు వస్తుంది. కోపంతో మొత్తం బిల్లు ఆపేయకండి. మీరు నిజంగా చేసిన ఖర్చులు కట్టేసి, వివాదంలో ఉన్న మొత్తం ఇంత అని ఈమెయిల్‌లో తెలపండి.

ఇక పోలీసుల సంగతి. 1930కి ఫోన్ చేయగానే వివరాలు తీసుకుని రసీదు సంఖ్య పంపుతారు. దొంగ ఆ డబ్బును ఏ వాలెట్‌కో ఖాతాకో మళ్లించి ఉంటే అక్కడ ఆపించే ప్రయత్నం జరుగుతుంది, అందుకే మొదటి గంటలు ముఖ్యం. తర్వాత 24 గంటల్లో సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ పోర్టల్‌లో పూర్తి ఫిర్యాదు నమోదు చేయాలి. మీ గుర్తింపు పత్రం, లావాదేవీ సంఖ్య, సందేశాల ఫొటోలు, స్టేట్‌మెంట్ సిద్ధంగా పెట్టుకోండి. రుసుము లేదు. తెలంగాణలో ఇలా ఆపించిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా కూడా బాధితులకు ఇప్పించారు. డబ్బు వెనక్కి ఇప్పిస్తాం, ముందు కొంత కట్టండి అనేవాళ్లు ఎదురైతే వాళ్లు రెండో దొంగలు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు అన్యాయంగా తోచినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్లవచ్చు. సీఎంఎస్ డాట్ ఆర్బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ పోర్టల్‌లో దరఖాస్తు ఉచితం, వకీలు అక్కర్లేదు. బ్యాంకుకు ముందుగా ఫిర్యాదు చేసిన రుజువు లేకపోతే ఇక్కడ తిరస్కరిస్తారు. మొదటిరోజు పంపిన ఈమెయిల్ ఇప్పుడు పనికొస్తుంది.

కార్డు వివరాలే కాక పాన్, ఆధార్ నకళ్లు కూడా బయటికి పోయాయన్న అనుమానం ఉంటే ఇంకో పని ఉంది. మీ పేరుతో ఎవరైనా అప్పు తీసుకున్నారేమో చూడాలి. మన అప్పుల చరిత్రను నమోదు చేసే సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ సంస్థలు ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. అందులో ఖాతాల జాబితాతో ఆగకుండా, మీ గురించి ఎవరెవరు వాకబు చేశారన్న భాగాన్ని కూడా చదవండి. మీరు అడగని అప్పు కోసం ఏదో సంస్థ మీ వివరాలు తీసిందంటే మోసం ఇంకా నడుస్తోందని అర్థం. తెలియని ఖాతా కనిపిస్తే నివేదిక ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్‌లోనే అభ్యంతరం నమోదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆపై ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం మీకు దక్కాలి. పోలీసు ఫిర్యాదు రసీదును జతచేస్తే వాదన బలపడుతుంది.

మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూడవచ్చు. ఈ సౌకర్యం 2021లో మొదట ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వినియోగదారులకే అందుబాటులోకి వచ్చింది. మీది కాని నంబరు కనిపిస్తే అక్కడే తెలియజేసి తీయించవచ్చు. ఆధార్ వేలిముద్రలకు తాళం వేయడం ఎంఆధార్ యాప్‌లో కాసేపటి పని. రేషన్ దుకాణంలోనో బ్యాంకులోనో వేలిముద్ర వేయాల్సి వచ్చినప్పుడు ఆ తాళాన్ని మళ్లీ తెరవవచ్చు.