చొక్కా నమిలే అలవాటు: నోటికి వేరే పని చెప్పడం ఎలా

బడి నుంచి వచ్చేసరికి కాలర్ తడిసి ముద్దై ఉంటుంది. టీషర్టు మెడ సాగి వేలాడుతుంటుంది. ఫుల్‌హ్యాండ్స్ అయితే మణికట్టు దగ్గర చిల్లులు. "నోట్లోంచి తియ్యి" అని రోజుకు ఇరవైసార్లు చెప్పినా అయిదు నిమిషాల్లో మళ్లీ అక్కడికే. చాలామంది పిల్లలు దీన్ని మొండితనంతో చేయరు, నములుతున్నామన్న ధ్యాసే వాళ్లకు ఉండదు. దవడకు ఏదో పని కావాలి, చేతికి అందేది చొక్కా. గుడ్డ లాగేసుకుంటే ఆ అవసరం గోళ్ల మీదికో, జడ కొస మీదికో, పెన్సిల్ మీదికో పోతుంది. కాబట్టి ముందు నోటికి మరో పని చూపించాలి, ఆ తర్వాతే గుడ్డ సంగతి. ఇక్కడ చెప్పేది ముఖ్యంగా నాలుగేళ్ల నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లల గురించి.

అంతకన్నా చిన్నవాళ్లయితే కంగారు అక్కర్లేదు. రెండేళ్ల దాకా దొరికినదల్లా నోట్లో పెట్టుకోవడం ఎదుగుదలలో భాగమే. దాదాపు 23 నుంచి 33 నెలల మధ్య చివరి పాలపళ్లు వస్తాయి, అప్పుడు కొరకడం ఇంకాస్త ఎక్కువవుతుంది. ఆరేళ్ల ప్రాంతంలో మాత్రం పెద్దలు గమనించని సంగతి ఒకటి ఉంది. మొదటి శాశ్వత దవడపళ్లు అప్పుడే వస్తాయి. అవి పాలపళ్ల వెనకాల కొత్త చోట మొలుస్తాయి. ఏ పన్నూ ఊడదు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియదు. అప్పటిదాకా లేని నమిలే అలవాటు ఒకటో తరగతిలో హఠాత్తుగా మొదలైతే టార్చి వేసి చివరి పన్ను వెనక చిగురు చూడండి. ఉబ్బి, తెల్లగా కొన కనిపిస్తుంటే కారణం దొరికినట్టే. చల్లటి కీరా ముక్క పక్క పళ్లతో నమలనిస్తే కొన్నాళ్లలో అదే తగ్గుతుంది. ఆ వెతుకులాటలో పుచ్చిన పన్ను కనబడితే ముందు డెంటిస్టు దగ్గరికి వెళ్లాలి.

చొక్కా ఏం చెబుతోంది

విప్పిన చొక్కాను వెలుతురులో పరిచి చూడండి. తడిసి, సాగి, చిరగకుండా ఉంటే పిల్లాడు చీకుతున్నాడు. నిద్రమత్తు, అలసట, బెరుకు ఉన్నప్పుడు ఎక్కువగా జరిగేది ఇది. కాలర్ మూలలో, చేతి అంచులో గుండ్రటి చిల్లులుంటే దవడపళ్లతో గట్టిగా నములుతున్నాడు, ఆ దవడకు బలమైన పని కావాలి. మూడోది జాగ్రత్తగా చూడాల్సిన రకం: గుడ్డ ముక్కే లేదు, దారాలు తెగి మాయమయ్యాయి, మలంలో పోగులు కనబడుతున్నాయి. అంటే మింగేస్తున్నాడు.

మింగే పిల్లలు తరచూ బలపాలు, మట్టి, గోడ సున్నం, కాగితం కూడా తింటుంటారు. ఆహారం కానివాటిని నెలకు పైగా ఇలా తింటుంటే దాన్ని వైద్యులు పైకా అంటారు. ఇలాంటప్పుడు చిట్కాలతో కాలం గడపకుండా పిల్లల డాక్టర్ని కలిసి సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెర్రిటిన్ (ఐరన్ నిల్వల లెక్క) పరీక్షలు అడగండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూస్తే చాలదు. శరీరంలో ఐరన్ నిల్వలు ముందే అడుగంటినా హిమోగ్లోబిన్ కొంతకాలం బాగానే కనబడుతుంది. రెండు నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు హిమోగ్లోబిన్ 11 గ్రాములకన్నా, అయిదు నుంచి పదకొండేళ్ల వాళ్లకు 11.5 కన్నా తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆర్నెల్ల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో దేశం మొత్తమ్మీద 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. "మా వాడు బొద్దుగానే ఉన్నాడుగా" అని ఈ పరీక్ష మానేయొద్దు. రోజుకు అర లీటరుకు మించి పాలు తాగి అన్నం తక్కువ తినే బొద్దు పిల్లల్లోనే ఐరన్ తగ్గడం మామూలు. అన్నంతో పాటు టీ ఇచ్చే అలవాటుంటే ఆపండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

"కడుపులో పురుగులుంటాయి, అందుకే" అని అమ్మమ్మలు అంటుంటారు. పురుగులు గుడ్డ నమలమని చెప్పవు గానీ, కొంకిపురుగులు రక్తం పీల్చి ఐరన్ తగ్గిస్తాయి, కాబట్టి ఆ మాట పూర్తిగా తీసేయదగ్గది కాదు. బడుల్లో, అంగన్‌వాడీల్లో నులిపురుగుల నిర్మూలన దినాల్లో ఇచ్చే ఆల్బెండజోల్ మందు వేయించారో లేదో గుర్తు చేసుకోండి. రెండేళ్లు దాటినవాళ్లకు 400 మిల్లీగ్రాముల మాత్ర, ఏడాది నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు అందులో సగం.

వారం రోజులు ఏమీ అనకుండా రాయండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. దీన్ని వదిలేస్తే తర్వాత చేసేదంతా చీకట్లో బాణం వేయడమే. ఏడు రోజులు పిల్లాణ్ని వారించకుండా ఒక కాగితం మీద నాలుగే సంగతులు రాయండి: ఎన్ని గంటలకు, ఏం చేస్తుండగా, చివరిసారి తిని ఎంతసేపైంది, ఏ గుడ్డ. బడిలో సంగతి కోసం టీచర్ గారిని ఏ పీరియడ్లో ఎక్కువో చెబితే చాలని అడగండి. లెక్క పెట్టమని అడిగితే ఎవరూ చేయలేరు.

వారం తర్వాత చూస్తే ఒక వరస బయటపడుతుంది. టీవీ, హోంవర్క్, రాత పని దగ్గరే అయితే ధ్యాస నిలుపుకోవడానికి నములుతున్నాడు. పొద్దున బస్సుకు ముందు, కొత్తవాళ్లు వచ్చినప్పుడు, పరీక్షల రోజుల్లో అయితే బెరుకు. పదకొండు గంటలకు, సాయంత్రం నాలుగుకు అయితే మొదట ఆకలి చూడండి. నమలడంతో పాటు రోజంతా నోరు తెరుచుకునే ఉంటే, రాత్రి గురక పెడుతుంటే ముక్కు మూసుకుపోయి ఉండొచ్చు, అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే కణజాలం) వాచాయేమో ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. ఒకే రకం చొక్కా అయితే మెడ వెనక లేబుల్ గుచ్చుకుంటోందేమో, కాలర్ బిగుతుగా ఉందేమో తడిమి చూడండి. లేబుల్ కత్తిరించడంతో అలవాటు తగ్గిన పిల్లలు కూడా ఉంటారు.

దవడకు పని

ఇక్కడ మన వంటింటికి మించిన థెరపీ సామాను లేదు. గట్టిగా కొరికి, చాలాసేపు నమలాల్సిన తిండి దవడ కండరాలకు పని ఇస్తుంది, చాలామంది పిల్లలను నెమ్మదింపజేస్తుంది. మెత్తటి ఇడ్లీ, పాలల్లో నానిన బిస్కెట్, చారన్నం మాత్రమే తినే పిల్లలకు పగలంతా దవడకు ఏ పనీ ఉండదు.

సమయం ముఖ్యం. మీ కాగితం మీద నమలడం మొదలైన గంటకు పది, పదిహేను నిమిషాల ముందే తిండి ఇవ్వాలి. చొక్కా నోట్లోకి వెళ్లాక ఇస్తే అది లంచం అవుతుంది, చొక్కా నమిలితే జంతిక వస్తుందని పిల్లాడు నేర్చుకుంటాడు. హోంవర్క్‌కు ముందు రెండు జంతికలో, చిన్న చెక్కో, సకినమో, సర్వపిండి ముక్కో చాలు. ఉడికించిన మొక్కజొన్న కంకిని గింజలు ఒలిచిపెట్టకుండా కంకితోనే ఇవ్వండి. సాంబారులో ములక్కాడ, జొన్నరొట్టె, దోర జామకాయ పలచటి ముక్కలు, శీతాకాలంలో తేగలు. చెక్కు తీసి సన్నగా చీల్చిన చెరకు నమిలి పిప్పి ఊసేయడం ఆరేళ్లు దాటిన పిల్లలకు చక్కటి పని, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. చెరకు, ఖర్జూరం, పల్లీపట్టి తిన్నాక నీళ్లతో పుక్కిలించాలి, లేకపోతే కాలర్ బతుకుతుంది గానీ పళ్లు పుచ్చుతాయి.

పొరమారే ప్రమాదం మరవొద్దు. అయిదేళ్ల లోపు వాళ్లకు పల్లీలు, వేయించిన శనగలు, జీడిపప్పు గింజలుగా ఇవ్వొద్దు. నాలుగేళ్ల లోపు వాళ్లకు పాప్‌కార్న్, గట్టి పచ్చి క్యారెట్ ముక్కలు వద్దు, క్యారెట్‌ను కొద్దిగా ఉడకబెట్టండి. ద్రాక్ష నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. ఏది తిన్నా కూర్చునే. పరుగెత్తుతూ, కారులో వెనక సీట్లో ఒక్కడే ఉన్నప్పుడు వద్దు.

పీల్చడం, ఊదడం కూడా నోటికి పనే. చీకే రకం పిల్లలకు నమిలే తిండికన్నా ఇదే బాగా పట్టవచ్చు. కాస్త చిక్కటి రాగిజావో, లస్సీయో సన్నటి స్ట్రాతో తాగనివ్వండి. సబ్బు బుడగలు, ఈల, పిల్లన గ్రోవి ఏదైనా సరే. బడికి స్ట్రా ఉన్న నీళ్ల సీసా పంపితే తరగతిలో ఎవరి కంటా పడకుండా పని జరుగుతుంది. ఆ స్ట్రా కొసను నమిలేస్తాడు, నమలనివ్వండి, చిరుగుపడ్డప్పుడు మార్చండి. ఇంట్లో చపాతీ పిండి పిసకడం, సగం నింపిన బకెట్ మోయడం, రెండు చేతులతో గోడను పదిసార్లు బలంగా నెట్టడం లాంటివి కూడా కలపొచ్చు. ఒళ్లు అలిసేలా పని దొరికితే నోటి వెతుకులాట తగ్గే పిల్లలు చాలామంది.

నమలడానికి చేసిన వస్తువులు

గట్టిగా నమిలేవాళ్లకు తిండితోనే సరిపోదు. చ్యూ పెండెంట్, పెన్సిల్ కొసకు తొడిగే చ్యూ టాపర్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఫుడ్‌గ్రేడ్ సిలికాన్‌తో, ఒకే ముక్కగా పోతపోసినది, పూసలు లేనిది, నాలుగు సెంటీమీటర్లకు తగ్గనిది తీసుకోండి. చొక్కాకు చిల్లులు పెట్టే పిల్లాడికి మెత్తటిది కొంటే రెండు రోజుల్లో ముక్కలు చేస్తాడు, ఆ ముక్కలే గొంతుకు ప్రమాదం. గట్టి రకమే కొనాలి. మెడ తాడు లాగితే దానంతటదే ఊడిపోయే క్లిప్పుతో ఉండాలి, నిద్రలో, ఆటస్థలంలో తీసేయాలి. 2018 డిసెంబర్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పసిపిల్లల పళ్ల కోసం అమ్మే నెక్లెస్‌లు, బ్రేస్‌లెట్ల మీద హెచ్చరిక ఇచ్చింది, గొంతు బిగుసుకోవడం, ముక్క ఇరుక్కోవడం వల్లే. చిన్నవాళ్లకు మెడలో వేయకుండా, పొట్టి పట్టీతో చొక్కాకు క్లిప్ చేయడం మేలు. రోజూ రాత్రి సబ్బుతో కడిగి, రెండు చేతులతో లాగి చూడండి. గాటు పడితే పారేయాల్సిందే.

బడిలో అది పెట్టుకోవడానికి సిగ్గుపడితే ముంజేతికి క్రికెటర్లు వేసుకునే టవల్ బ్యాండ్ వేయండి. నోట్లో పెట్టుకున్నా తుడుచుకున్నట్టే ఉంటుంది. రెండు కొని రోజు మార్చి రోజు ఉతకాలి. దారాలు మింగే పిల్లలకు మాత్రం ఇది వద్దు.

ఏ వస్తువైనా "ఇది నమలాలి" అని చేతిలో పెడితే పనిచేయదు. మొదటి మూడు రోజులు మీరే గుర్తు చేయాలి. చొక్కా నోట్లోకి వెళ్లగానే మాట లేకుండా వస్తువు అందించి, గుడ్డ మెల్లగా పక్కకు జరపండి.

గుడ్డల వైపు, మాటల వైపు

నోటికి అందకుండా ఉండే గుండ్రటి మెడ, పొట్టి చేతులు ఇంట్లో వేయండి. తాళ్లున్న హుడీలు, చమ్కీలు, పూసలు, వదులు గుండీలు ఉన్నవి పండగ రోజు కూడా ఎవరో ఒకరు చూస్తుండగానే. కొత్త బట్టలు ఉతక్కుండా వేయొద్దు. సబ్బు పోయేలా ఒకసారి ఎక్కువ జాడించండి. బడిలో అసలు సమస్య టై, ఐడీ కార్డు తాడు. తరగతిలో కార్డు బ్యాగులో పెట్టుకోనివ్వమని టీచర్ గారిని అడగడంలో తప్పు లేదు.

తడి కాలర్ అలాగే ఉంటే గడ్డం కింద, పెదాల చుట్టూ ఎర్రటి వలయం పడుతుంది. ఒక అదనపు టీషర్టు బ్యాగులో పెట్టండి. తుడిచి పలుచగా వాజలీన్ రాస్తే సరిపోతుంది. పుండుగా మారి పసుపు పొక్కు కడితే డాక్టర్‌కు చూపించాలి.

ఇంట్లో అందరూ ఒకే మాట అనాలి. తాతగారు కోప్పడి, నాన్న నవ్వి, అమ్మ బతిమాలితే పిల్లాడికి అది ఆటగా ఉంటుంది. భుజం మీద ఒక వేలు ఆనించడం లాంటి గుర్తు పిల్లాడితో కలిసి ముందే అనుకోండి, బంధువుల ముందు పరువు పోదు. నమలకుండా ఉన్నప్పుడు మాత్రం నోరారా చెప్పండి: "పదినిమిషాలు రాశావు నాన్నా, కాలర్ ఎంత పొడిగా ఉందో చూడు." "ఛీ, కుక్కపిల్లలా ఏంటది" అంటే బెరుకుతో నమిలే పిల్లాడికి నమలడానికి ఇంకో కారణం ఇచ్చినట్టు.

కాలర్‌కు వేపనూనె, కారం, కాకరరసం రాయడం అసలు చేయకూడదు. వేపనూనె చిన్నపిల్లల కడుపులోకి వెళితే వాంతులు, మూర్ఛ, మెదడు దెబ్బతినడం దాకా పోయిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కారం కళ్లలోకి పోతుంది.

వారానికి మానేస్తాడని చూడొద్దు. మొదట తగ్గేది చిల్లులు, తర్వాత తడి, చివరగా అలవాటు. జ్వరం వచ్చి తగ్గాక, చెల్లి పుట్టినప్పుడు, బడి మారినప్పుడు మళ్లీ మొదలవుతుంది. అప్పుడు పాత కాగితం తీసి మొదట్లో పాటించిన పద్ధతే మళ్లీ పెట్టండి. నెలన్నర దాటినా రోజుకో చొక్కా చిరుగుతుంటే, మాటలు ఆలస్యమైనా, పేరు పిలిస్తే తిరగకపోయినా, శబ్దాలకు, బట్టల స్పర్శకు విపరీతంగా చిరాకు పడుతున్నా ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు, స్పర్శ లాంటి ఇబ్బందులకు శిక్షణ ఇచ్చే నిపుణులు) చూడాలి. డబ్బు పెట్టలేనివాళ్లు జిల్లా ప్రభుత్వాసుపత్రిలో డీఈఐసీ (పిల్లల ఎదుగుదల సమస్యలను తొందరగా గుర్తించి చూసే) కేంద్రం ఎక్కడుందో అడగండి, పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం అక్కడికే పంపుతుంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీలో కూడా ఎదుగుదల సమస్యలు చూస్తారు. గుడ్డ మింగాక కడుపు ఉబ్బి, పచ్చ వాంతులు, మలబద్ధకం వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు అత్యవసర విభాగానికి. వెళ్లేటప్పుడు వారం రోజుల కాగితం, చిల్లుపడ్డ ఒక చొక్కా వెంట తీసుకెళ్లండి, డాక్టర్ అడిగే ప్రశ్నల్లో సగానికి అవే జవాబు.