ఇంట్లో మెట్లు, రెయిలింగ్: కొలతల నుంచి బిగింపు వరకూ ఎలా చేయించుకోవాలి?

ఈసారి ఏ డూప్లెక్స్ ఇంటికి వెళ్లినా టేపు తీసుకుని మూడు మెట్ల ఎత్తు కొలిచి చూడండి: అన్నిటికంటే కిందిది, మధ్యలో ఒకటి, అన్నిటికంటే పైది. మూడూ ఒకే ఎత్తు ఉంటే ఆ ఇల్లు కట్టిన మేస్త్రీకి దణ్ణం పెట్టాలి. మెట్లెక్కేటప్పుడు ప్రతి మెట్టునూ చూసి కాలు వేయం కదా. రెండు మూడు మెట్లకే కాలికి ఎత్తు అలవాటైపోతుంది, ఆ తర్వాత కాలు తనంతట తనే లేస్తుంది. ఒక్క మెట్టు అర అంగుళం ఎక్కువైనా ఎక్కేటప్పుడు బొటనవేలు తగులుతుంది. దిగేటప్పుడైతే మనిషే ముందుకు తూలిపోతాడు. గ్రానైట్ రంగు, రెయిలింగ్ డిజైన్ తర్వాతి సంగతి. ముందు మెట్లన్నీ సమానంగా రావాలి. ఆ పని సెంట్రింగ్ కొట్టకముందే, కాగితం మీదే మొదలవ్వాలి.

ముందు లెక్క

కింది ఫ్లోరింగ్ పై నుంచి పై అంతస్తు ఫ్లోరింగ్ పై వరకూ మొత్తం ఎత్తు తీసుకోండి. పచ్చి స్లాబ్ నుంచి పచ్చి స్లాబ్‌కు కాదు, టైల్స్ వేశాక ఉండబోయే మట్టం నుంచి మట్టానికి. మన ఇళ్లలో ఇది సాధారణంగా పదిన్నర అడుగుల దగ్గర ఉంటుంది, అంటే 126 అంగుళాలు. మెట్టు ఎత్తును మేస్త్రీలు రైజర్ అంటారు, కాలు పెట్టే భాగాన్ని ట్రెడ్ అంటారు. 126ను 19తో భాగిస్తే రైజర్ సుమారు 6 అంగుళాల 5 నూళ్లు వస్తుంది (అంగుళంలో 8వ వంతు ఒక నూలు). పిల్లలకూ పెద్దలకూ ఇది హాయిగా ఉండే ఎత్తు. నేషనల్ బిల్డింగ్ కోడ్ ఇళ్లకు రైజర్ 19 సెంటీమీటర్లు మించకూడదని, ట్రెడ్ 25 సెంటీమీటర్లకు తగ్గకూడదని చెబుతుంది. అవి హద్దులు మాత్రమే. పెద్దవాళ్లున్న ఇంట్లో 19 సెంటీమీటర్ల మెట్టు, అంటే ఏడున్నర అంగుళాలు, మోకాళ్లకు శిక్షే.

ట్రెడ్ ఎంతో తేల్చడానికి పాత సూత్రం ఒకటి ఉంది. రెండు రైజర్లు, ఒక ట్రెడ్ కలిపితే 24 నుంచి 25 అంగుళాలు రావాలి. మన లెక్కలో రెండు రైజర్లు పదమూడుంపావు అంగుళాలు, ట్రెడ్ 11 పెడితే మొత్తం ఇరవైనాలుగుంపావు. సరిపోయింది.

ఇప్పుడు స్థలం చూసుకోవాలి. సగం ఎక్కి ల్యాండింగ్ దగ్గర వెనక్కి తిరిగే మెట్లు మన ఇళ్లకు బాగా కుదురుతాయి. 19 రైజర్లను 10, 9గా విడదీస్తే పొడవైన వరుసలో 9 ట్రెడ్లు వస్తాయి, ఎందుకంటే పదో రైజర్ ఎక్కితే ల్యాండింగే. తొమ్మిది పదకొండ్లు 99 అంగుళాలు, అంటే 8 అడుగుల 3 అంగుళాలు. ల్యాండింగ్‌కు ఇంకో 3 అడుగుల 3 అంగుళాలు. మొత్తం పొడవు పదకొండున్నర అడుగులు. ఒక్కో వరుస 3 అడుగుల 3 అంగుళాలు, మధ్యలో 4 అంగుళాల ఖాళీ ఉంచితే వెడల్పు 7 అడుగుల లోపే సరిపోతుంది. ఇంతకంటే ఇరుకు చేస్తే బీరువా పైకెక్కించే రోజున అవస్థ పడతారు. మెట్ల మీద నడిచేవాళ్ల తలపై ఎక్కడా 7 అడుగులకు తక్కువ ఖాళీ ఉండకూడదు. మెట్ల కోసం పై స్లాబ్‌లో వదిలే ఖాళీ చిన్నదైతే సరిగ్గా అక్కడే నుదురు తగులుతుంది.

గుండ్రంగా తిరిగే మెట్లు ఫోటోల్లో అందంగా ఉంటాయి. టెర్రస్‌కు సరే కానీ, ఇంట్లో రోజూ వాడే దారికి వద్దు. లోపలి వైపు కాలు ఆనడానికి చోటు ఉండదు.

చాలా ఇళ్లలో మెట్లు బేసి సంఖ్యలో ఉండాలని అనుకుంటారు. మంచిదే, 19 కూడా బేసే. మీ లెక్కలో సరి సంఖ్య వస్తే మొత్తం ఎత్తును కొత్త సంఖ్యతో మళ్లీ భాగించండి. కింద ఒక చిన్న మెట్టు అతికించి బేసి చేయడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. రాత్రిపూట మనిషిని పడేసేది ఆ చిన్న మెట్టే.

సెంట్రింగ్ దగ్గర జరిగే తప్పు

నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఇక్కడుంది. నేల మీద ఫ్లోరింగ్ మందం మాల్‌తో కలిపి 3 అంగుళాలు అనుకుందాం. మెట్టు మీద గ్రానైట్, దాని కింద మాల్ కలిపి 2 అంగుళాలే. సెంట్రింగ్ మేస్త్రీ పచ్చి మెట్లన్నీ సమానంగా పోయిస్తాడు, అతని పని నూటికి నూరుపాళ్లు సరిగ్గానే ఉంటుంది. తర్వాత ఫ్లోరింగ్ పడుతుంది. కింద నేల 3 అంగుళాలు లేస్తుంది, మొదటి మెట్టు 2 అంగుళాలే లేస్తుంది. దాంతో మొదటి మెట్టు ఒక అంగుళం పొట్టిదవుతుంది. పైన దీనికి తలకిందులు: ఆఖరి మెట్టు ఒక అంగుళం పొడుగవుతుంది. ఒకే మెట్ల దారిలో 2 అంగుళాల తేడా! గ్రానైట్ పడ్డాక దీన్ని సరిచేయాలంటే పగలగొట్టడమే మార్గం.

కాబట్టి ముందే ఫ్లోరింగ్ ఎంత మందమో, మెట్టు రాయి ఎంత మందమో తేల్చుకుని, పచ్చి కాంక్రీట్‌లో మొదటి రైజర్‌ను 7 అంగుళాల 5 నూళ్లుగా, ఆఖరిదాన్ని 5 అంగుళాల 5 నూళ్లుగా పోయించాలి. మిగతావన్నీ 6 అంగుళాల 5 నూళ్లే. ట్యూబ్ లెవెల్‌తో ఫ్లోరింగ్ మట్టాన్ని గోడ మీద గీయించి, ప్రతి మెట్టునూ గోడకు పెన్సిల్‌తో గుర్తు పెట్టించండి. కాంక్రీట్ పోసే రోజు పొద్దున్నే మీరే వెళ్లి టేపుతో కొలవండి. మొహమాటం వద్దు.

రాడ్ పని ఇంజినీర్ డ్రాయింగ్ ప్రకారమే జరగాలి. ఒక్క చోట మాత్రం మీ కన్ను కూడా ఉండాలి. మెట్లను మోసే వాలు పలక పైకి ఎక్కి ల్యాండింగ్‌ను కలిసే మడత దగ్గర, అడుగున ఉన్న మెయిన్ రాడ్‌ను ఆ మడత వెంటే వంచేస్తుంటారు. బరువు పడ్డప్పుడు ఆ రాడ్ తిన్నగా అవ్వాలని చూస్తుంది, కింది కాంక్రీట్ పెచ్చును తోసేస్తుంది. వాలు రాడ్‌ను తిన్నగా ల్యాండింగ్ పై భాగం దాకా పోనిచ్చి అక్కడ వంచాలి. ల్యాండింగ్ అడుగు రాడ్ వేరుగా వచ్చి వాలు పలక పై భాగంలోకి వెళ్లాలి. పక్క నుంచి చూస్తే రెండూ కత్తెరలా దాటినట్టు కనిపించాలి.

కాంక్రీట్ పోశాక కనీసం 7 రోజులు, ఎండాకాలమైతే 10 రోజులు నీళ్లు పట్టండి. మెట్ల మీద నీళ్లు నిలవవు కాబట్టి గోనె సంచులు పరిచి తడపాలి. పైకి వెళ్లే దారి కావాలని సెంట్రింగ్ తొందరగా ఊడదీయనివ్వకండి.

రాయి

నున్నటి పాలిష్ గ్రానైట్ తడిస్తే జారుతుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కావచ్చు, కరీంనగర్ టాన్ బ్రౌన్ కావచ్చు, ట్రెడ్ అంచుకు అంగుళం లోపల రెండు మూడు గాడులు తీయించండి, లేదా కాస్త గరుకుగా ఉండే లెదర్ ఫినిష్ తీసుకోండి. అంచును గుండ్రంగా మోల్డింగ్ చేయించాలి, పదునుగా వదిలితే పిల్లల మోకాళ్లు చీరుకుంటాయి. రైజర్‌కూ ట్రెడ్‌కూ ఒకే ముదురు రంగు వేస్తే దిగేటప్పుడు అంచు ఎక్కడుందో చూపు తగ్గినవాళ్లకు తెలియదు. రైజర్ లేత రంగులో పెట్టి, ట్రెడ్ అంచున లేత రంగు పట్టీ ఒకటి వేయించండి.

రెయిలింగ్

రెయిలింగ్ కొలత గ్రానైట్ పడ్డాకే తీయించాలి. గాజు రెయిలింగ్ అయితే మరీ ముఖ్యం, టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయడం గానీ రంధ్రం పెట్టడం గానీ కుదరదు.

ఎత్తు మెట్టు అంచు నుంచి నిలువుగా 3 అడుగులకు తగ్గకూడదు, ల్యాండింగ్ దగ్గర ఇంకొంచెం ఎక్కువే ఉండాలి. కడ్డీల మధ్య ఖాళీ 4 అంగుళాలు మించితే పసిపిల్లల తల దూరే ప్రమాదం ఉంది. ఇప్పుడు ఎక్కువ ఇళ్లలో స్టీలు పైపులు మెట్ల వాలుతో పాటు అడ్డంగా నాలుగైదు వరుసలు వేస్తున్నారు. పిల్లలున్న ఇంట్లో అది వద్దని గట్టిగా చెబుతాను. రెండేళ్ల బిడ్డకు అది నిచ్చెనే. నిలువు కడ్డీలు పెట్టించండి.

స్టీలులో 304 గ్రేడు అడగండి. 202 చౌక, కానీ తుప్పు మరకలు తొందరగా వస్తాయి. కాంతం పెట్టి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ పరీక్షను నమ్మకండి. పైపు మీద ముద్ర చూసి, గ్రేడునూ మందాన్నీ బిల్లులో రాయించుకోండి. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల సముద్రానికి దగ్గరగా, బయట పెట్టే రెయిలింగ్‌కు 316 మేలు. మామూలు ఇనుమైతే వెల్డింగ్ మచ్చల్ని రుద్ది, రెడ్ ఆక్సైడ్ కొట్టాకే రంగు వేయించాలి.

స్తంభాలు 3, 4 అడుగులకొకటి ఉండాలి. వాటి బోల్టులు గ్రానైట్‌నూ మాల్‌నూ దాటి కాంక్రీట్‌లోకి కనీసం రెండున్నర అంగుళాలు దిగాలి. రాయి మందంలోనే ఆగిపోయిన బోల్టు మొదట్లో గట్టిగానే ఉంటుంది, తర్వాత ఊగడం మొదలవుతుంది. మెట్టు అంచుకు మరీ దగ్గరగా డ్రిల్ చేస్తే కాంక్రీట్ అంచే విరుగుతుంది.

పట్టుకునే పైపు గుండ్రంగా ఒకటిన్నర నుంచి 2 అంగుళాలు ఉంటే చేతికి ఇముడుతుంది. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ అయ్యాక తెలిసింది, ఒకవైపు రెయిలింగ్ చాలదని. దిగేటప్పుడు బలంగా ఉన్న చేయి గోడవైపు వచ్చేది, అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు. గోడకు 2 అంగుళాల ఎడంతో ఒక టేకు చేతికర్ర బిగించాం, ఆ తర్వాతే ఆవిడ ఒంటరిగా దిగగలిగింది. గోడవైపు పట్టు మొదటిరోజు నుంచే పెట్టించండి. పైనా కిందా మెట్లు అయిపోయిన చోట అడుగు పొడవున ఇంకా సాగాలి, ల్యాండింగ్ మలుపులో తెగకూడదు.

గోడలు పూత పూయకముందే, మెట్ల లైటును పైనా కిందా రెండు చోట్లా వేసి ఆర్పే టూ-వే స్విచ్‌కు పైపులు వేయించడం మరచిపోకండి.

ఆఖరి బిల్లు కట్టే ముందు ప్రతి రైజర్‌నూ మళ్లీ కొలవండి. రెయిలింగ్‌ను రెండు చేతులతో బయటికి నెట్టి చూడండి, ఎక్కడ కదిలినా అక్కడే ఆపి సరిచేయించండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను పిలిచి, మీరు పక్కనే ఉండి, ఒకసారి పైకెక్కి కిందికి దిగమనండి. వాళ్ల చేయి ఎక్కడ పట్టు కోసం వెతికిందో గమనించి, ఫిట్టర్ వెళ్లిపోకముందే అక్కడ పట్టు బిగింపించండి.