క్లాసులో ట్యాబ్ ఎక్కువైందనిపిస్తే టీచర్‌ని ఏం అడగాలి, ఎలా అడగాలి

ఒకటో క్లాసు, రెండో క్లాసు పిల్లలు బడిలో కూడా ట్యాబ్ పట్టుకుని కూర్చుంటున్నారంటే కంగారు సహజమే, కానీ నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి గొడవ పెట్టుకోకండి. ముందు పిల్లల్ని కదపండి. "ఎంతసేపు చూశావ్" అంటే లాభం లేదు, ఆ వయసుకి టైమ్ లెక్క తెలీదు. "ట్యాబ్‌లో ఏం చేశావ్, అప్పుడు టీచర్ ఏం చేస్తున్నారు" అని అడగండి, సగం కథ వచ్చేస్తుంది.

తర్వాత టీచర్‌తో ఓ పది నిమిషాలు విడిగా మాట్లాడండి. రోజుకి ఎన్ని నిమిషాలు, ఏ యాప్, అది పిల్లల ఫోటోలూ పేర్లూ తీసుకుంటుందా, పని ముందే అయిపోయినవాళ్ళకి గేమ్స్ ఇస్తున్నారా, వర్షం పడితే ఆటల పీరియడ్‌లో వీడియో పెట్టేస్తున్నారా (నన్నడిగితే అసలు టైమంతా పోయేది ఇక్కడే). టీచర్ వీడియో వేసి మధ్యమధ్యలో ఆపి ప్రశ్నలడగడం వేరు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడే స్వైప్ చేస్తూ కూర్చోవడం వేరు, రెండిట్నీ ఒకే గాటన కట్టకండి.

స్వీడన్ 2023లో మళ్ళీ అచ్చు పుస్తకాల వైపు మళ్ళింది, అవసరమైతే ఆ మాట ఎత్తండి, కానీ వాదన పెంచకండి.

"పూర్తిగా ఆపేయండి" అనే బదులు చేత్తో రాసే టైమ్ తగ్గకుండా చూడమనండి, రోజూ ఆరుబయట ఆడించమనండి, ఆ వెలుతురు మయోపియా (దూరంగా ఉన్నవి మసగ్గా కనపడటం) రిస్క్‌ని తగ్గిస్తుంది కూడా. ఒప్పుకున్నవి అదే సాయంత్రం మెసేజ్‌లో పెట్టేయండి, నెల తర్వాత మళ్ళీ అడగొచ్చు.