కూరగాయల బాక్టీరియా తెగుళ్లకి ఫేజ్‌లు వాడే పద్ధతి: ముందు గ్లాసు నీళ్లు, తర్వాతే స్ప్రేయర్

ఫేజ్‌లు, అంటే బాక్టీరియాని చంపే వైరస్‌లు, తెప్పించుకునే ముందు ఒక గాజుగ్లాసులో తేట నీళ్లు పోసుకుని చేలోకి వెళ్లండి. వాడిపోతున్న టమాటా మొక్కో వంగ మొక్కో పీకి, వేరుకి కాస్త పైన కాండం కోసి, ఆ కోసిన చివర నీళ్లలో మునిగేలా పట్టుకుని కదపకుండా ఒక ఐదు నిమిషాలు చూడండి. కోసిన చోట్నించి పాలు కారినట్టు తెల్లటి దారాలు కిందకి దిగుతుంటే అది బాక్టీరియా ఎండు తెగులు, అక్కడ ఫేజ్‌లకి పనుంది. ఏమీ దిగలేదంటే ఫంగస్ వల్లో నులిపురుగుల వల్లో వేరు దెబ్బతిని వాడిపోయుండొచ్చు, అప్పుడు ఎన్ని ఫేజ్‌లు పోసినా నేలపాలే.

ఆకుమచ్చలైతే ఇంత సులువుగా తేలదు. బాక్టీరియా మచ్చ మొదట్లో నీళ్లు తాగినట్టు తడితడిగా ఉండి తర్వాత నల్లబడుతుంది, చాలాసార్లు చుట్టూ పసుపు అంచు కూడా ఉంటుంది. క్యాబేజీ, కాలీఫ్లవర్‌లో నల్లకుళ్లు అయితే ఆకు అంచు నుంచి లోపలికి V ఆకారంలో పసుపు పాకుతూ వచ్చి ఈనెలు నల్లబడతాయి. కానీ కొన్ని ఫంగస్ మచ్చలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయి, కంటితో చూసి తేల్చేసుకోకుండా నాలుగు ఆకులు ల్యాబ్‌కి పంపి బాక్టీరియా పేరు రాయించుకోండి.

పేరుతో ఇంత పనేంటి అంటే, ఫేజ్ అనేది బాక్టీరియాలోకి మాత్రమే దూరే వైరస్. లోపలికెళ్లి తనలాంటివి పదుల్లో వందల్లో తయారుచేసుకుని బాక్టీరియాని పగలగొట్టుకుని బయటికొస్తుంది, ఈ తతంగం చాలా ఫేజ్‌లకి గంటా రెండు గంటల్లో అయిపోతుంది. మనిషికీ మొక్కకీ తేనెటీగకీ ఏమీ చేయదు. అయితే మహా పట్టింపు మనిషి లాంటిది, ఎండు తెగులు తెచ్చే రాల్‌స్టోనియాని తినే ఫేజ్ ఆకుమచ్చ తెచ్చే జాంతోమోనాస్ పక్కనే ఉన్నా ముట్టుకోదు. రాల్‌స్టోనియాలోనే ఒక రకాన్ని చంపి ఇంకో రకాన్ని వదిలేస్తుంది కూడా. కాబట్టి "బాక్టీరియా తెగుళ్లన్నిటికీ పనిచేస్తుంది" అని రాసున్న సీసా కనిపిస్తే నేనైతే కొనను.

ఇదేం నిన్నమొన్నటి ఐడియా కాదు. ఫేజ్‌లని 1915లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో ఫెలిక్స్ డెరెల్ ఎవరికి వారు కనిపెట్టారు, 1924కల్లా కుళ్లిన క్యాబేజీ నుంచి వడగట్టిన రసం నల్లకుళ్లు బాక్టీరియాని పెరగనివ్వట్లేదని గమనించారు. తర్వాత చాలా ఏళ్లు పెద్దగా పట్టించుకోలేదు. టమాటా, మిరప ఆకుమచ్చలకి ఆగ్రిఫేజ్ అనే ఫేజ్ మందుకి అమెరికాలో 2005లో రిజిస్ట్రేషన్ వచ్చింది.

సరే, ఫేజ్ ఎంచుకునేటప్పుడు అమ్మేవాళ్లనో ల్యాబ్‌నో మూడు విషయాలు అడగండి. మొదటిది, నా చేలో దొరికిన బాక్టీరియా మీదే టెస్ట్ చేశారా? ఈ టెస్ట్ పెద్ద పనేం కాదు, బాక్టీరియాని జెల్లీ మీద పొరలా పెంచి దానిమీద ఫేజ్ చుక్క వేస్తారు, మర్నాటికి ఆ చుక్క పడ్డచోట పొర కరిగి తేటగా గుండ్రం కనిపిస్తే పనిచేసినట్టు, మబ్బుగా ఉంటే అనుమానించాల్సిందే. రెండోది, ఇందులో ఉన్న ఫేజ్‌లన్నీ బాక్టీరియాని చంపే రకమేనా అని, ఎందుకంటే కొన్ని ఫేజ్‌లు బాక్టీరియాని చంపకుండా దాని డీఎన్ఏలో కలిసిపోయి కాపురం పెట్టేస్తాయి, అవి మనకొద్దు. మూడోది, ఎన్ని రకాలు కలిపారు? ఒక్క ఫేజ్ మీదే ఆధారపడితే బాక్టీరియా త్వరగా తట్టుకోవడం నేర్చుకుంటుంది.

ఈ మూడోదాని గురించి ఇంకొంచెం చెప్పాలి, నాకు బాగా ఆసక్తిగా అనిపించే సంగతి ఇదే. జపాన్‌లో 2011లో అచ్చయిన ఒక పరిశోధనలో రాల్‌స్టోనియాని గబగబా చంపే ఫేజ్‌లు వాడితే తట్టుకునే బాక్టీరియా వెంటనే లేచొచ్చింది, నెమ్మదిగా పనిచేసే ఇంకో ఫేజ్ మాత్రం ఎక్కువ రోజులు అణచిపెట్టింది, ముందుగానే అది పోసిన టమాటా మొక్కలు ఆ ప్రయోగం అయ్యేదాకా వాడిపోలేదు. చైనాలో 2019లో వచ్చినదాంట్లో ఫేజ్‌లని కలిపి వాడితే టమాటాలో ఎండు తెగులు 80 శాతం దాకా తగ్గింది. తప్పించుకున్న బాక్టీరియా కూడా ఫేజ్‌ని తట్టుకోడానికి మారిపోయి ఆ మార్పు వల్లే నీరసంగా పెరిగింది. అంటే అన్నీ చావకపోయినా మనకి లాభమే.

ఇంట్లో తయారుచేసుకోవచ్చా అని అడుగుతారు. తెగులున్న మొక్కల మొదట్లో మట్టిలో ఫేజ్‌లు ఉంటాయి, ఆ మట్టి నానబెట్టి అదే బాక్టీరియాతో పెంచి 0.22 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడగడితే బాక్టీరియా ఆగిపోయి ఫేజ్‌లు కిందకి దిగుతాయి, సూత్రం అంతే. కానీ అలా చేయాలంటే ముందు తెగులు బాక్టీరియానే కోట్లలో పెంచాలి కదా, వడపోత ఎక్కడో తేడా కొడితే మన చేతులతో మనమే చేనంతా తెగులు చల్లినట్టు, దాన్ని ల్యాబ్‌కే వదిలేయండి.

ఇప్పుడు కొట్టే పద్ధతి. ఫేజ్‌కి పెద్ద శత్రువు ఎండ. ఎండలోని అల్ట్రావయొలెట్ తగిలితే ఆకుమీద ఫేజ్‌లు కొన్ని గంటల్లోనే చాలావరకు చచ్చిపోతాయి, అందుకే పొద్దుగూకాకే కొట్టాలి, రాత్రంతా ఆకు తడిగా ఉండి ఫేజ్‌కి బాక్టీరియా దొరికే టైమ్ ఉంటుంది. నేను మొదటిసారి పొద్దున పది గంటలకి తీరిగ్గా కొట్టి, ఇదంతా ఉత్తదే అని నాలుగు రోజులు తిట్టుకున్నా, తప్పు నాదే.

ఎండ నుంచి కాస్త కాపాడ్డానికి వెన్న తీసిన పాలపొడి, పంచదార కలపొచ్చు. టమాటా ఆకుమచ్చ మీద జరిగిన ప్రయోగాల్లో వాడిన పాళ్లు లీటరు నీళ్లకి 7.5 గ్రాముల పాలపొడి, 5 గ్రాముల పంచదార, అంటే పది లీటర్ల ట్యాంకుకి 75 గ్రాములు, 50 గ్రాములు. ముందు కొంచెం నీళ్లలో ఉండలు లేకుండా కలిపి గుడ్డలో వడగట్టండి, లేకపోతే నాజిల్ మూసుకుపోతుంది. ఫేజ్ మాత్రం అన్నిటికంటే చివర్లో కలపాలి. ల్యాబ్‌లో సాధారణంగా ట్యాంకులో మిల్లీలీటరుకి పది కోట్ల ఫేజ్‌లు ఉండేలా చూస్తారు, మీరు కొన్నదాని మీద వేరే లెక్క రాసుంటే అదే పాటించండి. ఆకు అడుగువైపు కూడా తడవాలి, బాక్టీరియా లోపలికి దూరే రంధ్రాలు ఎక్కువగా అక్కడే ఉంటాయి.

నీళ్ల సంగతి చాలామంది వదిలేస్తారు. క్లోరిన్ కలిపిన నీళ్లు ఫేజ్‌ని చంపేస్తాయి కాబట్టి వాడకండి, మరీ పుల్లటి నీళ్లూ మరీ చవుడు నీళ్లూ కూడా పనికిరావు. రాగి మందులు అసలే కలపొద్దు, కాపర్ ఆక్సీక్లోరైడ్ అయినా బోర్డో మిశ్రమం అయినా ఫేజ్‌ని దెబ్బతీస్తాయి, రెండిటికీ మధ్య కొన్ని రోజుల ఎడం ఇవ్వండి. స్ప్రేయర్‌లో ముందు కొట్టిన మందు మిగిలుంటుంది చూడండి, అది కూడా చాలు, బాగా కడగండి, వీలైతే ఫేజ్‌లకి వేరే స్ప్రేయర్ పెట్టుకోండి.

ఎప్పుడు మొదలెట్టాలి అంటే తెగులు కనపడక ముందే, లేదా మొదటి మచ్చలు కనపడగానే. సగం ఆకులు మాడిపోయాక కొట్టి లాభం లేదు, ఎందుకంటే ఆకు లోపలికి వెళ్లిపోయిన బాక్టీరియా దగ్గరికి ఫేజ్ వెళ్లలేదు. ఆకుమచ్చలకి వారంలో ఒకటి రెండుసార్లు, తడి వాతావరణం ఉన్నన్నాళ్లూ కొడుతూ ఉండాలి, ఖర్చంతా ఇక్కడే. ఎండు తెగులుకైతే స్ప్రే దండగ, నారు నాటేటప్పుడే వేరు దగ్గర పోయాలి, అదీ తడి నేలలో, పొడి మట్టిలో ఫేజ్ కదల్లేదు.

నల్లకుళ్లు విత్తనంతో కూడా వస్తుంది, అక్కడ ఫేజ్ కంటే పాత పద్ధతే నయం, క్యాబేజీ విత్తనాన్ని 50 డిగ్రీల నీళ్లలో 25 నిమిషాలు ఉంచి తీసి ఆరబెట్టడం. థర్మామీటర్ లేకుండా మాత్రం చేయకండి, వేడి ఎక్కువైతే మొలక రాదు.

సీసాని ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, వెలుతురు పడకుండా పెట్టండి, గడ్డకట్టనివ్వకండి, నీళ్లలో కలిపింది ఆ సాయంత్రమే వాడేయండి. అలాగే ప్రతిసారీ రెండు మూడు సాళ్లు ఫేజ్ కొట్టకుండా వదిలేయండి, వాటికి పాలపొడి పంచదార నీళ్లు మాత్రమే కొట్టండి, వారానికోసారి రెండు చోట్లా పది పది మొక్కల్లో మచ్చపడ్డ ఆకులు లెక్కపెట్టి రాసుకోండి. ముందు తేడా కనిపించి తర్వాత రెండు చోట్లా లెక్క ఒకటైపోతుంటే ఫ్రిజ్‌లో సీసా పాడైందేమో చూడండి, అది బాగానే ఉంటే కొత్తగా మచ్చపడ్డ ఆకులు మళ్లీ ల్యాబ్‌కి పంపండి, మీ చేలో బాక్టీరియా మారిపోయి ఉంటుంది.