లూనార్ మాడ్యూల్ దిగేటప్పుడు మొరాయిస్తే: లక్షణం, కారణం, మందు

అపోలో లూనార్ మాడ్యూల్ అంటే వ్యోమగాములను చంద్రుడి మీద దించే బండి. దిగడానికి దాని ఇంజిన్ రగిలాక నేల తాకడానికి పన్నెండు నిమిషాలే ఉంటుంది. తీరిగ్గా విప్పి చూసుకునే వీలుండదు. దానికితోడు ఈ బండిలో లక్షణం ఒకచోట కనబడితే రోగం ఇంకోచోట ఉంటుంది.

లక్షణం: కంప్యూటర్ తెర మీద 1202, తర్వాత 1201 (అపోలో 11, 1969)

అలారం దీపం వెలుగుతుంది, అంకెలు ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తాయి. కంప్యూటర్ చెడిపోలేదు. కొత్త పనికి మెమరీలో చోటు లేదని చెబుతోంది, అంతే.

కారణం రెండెవూ రాడార్ (కక్ష్యలో తిరిగే తల్లి నౌకను కనిపెట్టే రాడార్) స్విచ్. దిగేటప్పుడు ఆ రాడార్‌తో అవసరమే లేదు. కానీ స్విచ్ కంప్యూటర్ స్థానంలో లేకపోతే, రాడార్ కోణాలు కొలిచే భాగానికి ఒక 800 హెర్ట్జ్ కరెంటు సరఫరా, కంప్యూటర్ వైపు ఇంకో 800 హెర్ట్జ్ సరఫరా వస్తాయి. ఫ్రీక్వెన్సీ కలుస్తుంది, ఫేజ్ (అలల ఎత్తుపల్లాల వరస) కలవదు. దాంతో కదలని యాంటెన్నా కదులుతున్నట్టు సెకనుకు 12,800 దాకా పల్స్‌లు వచ్చిపడతాయి. వాటిని లెక్కపెట్టడానికే కంప్యూటర్ సమయంలో సుమారు 15 శాతం పోతుంది. రెండు సెకన్లకోసారి మొదలయ్యే నావిగేషన్ పని, పాతది ముగియకముందే మళ్లీ మొదలవుతుంది. కీబోర్డు మీద వెర్బ్ 16, నౌన్ 68 అనే ఆదేశం నొక్కి, రాడార్ చెప్పే ఎత్తుకూ కంప్యూటర్ లెక్కకూ తేడా చూస్తే కంప్యూటర్ మీద పనిభారం ఇంకాస్త పెరుగుతుంది.

ఏం చేయాలి: అలారం ఎడతెగకుండా రాకపోతే, ఎత్తు, వేగం సవ్యంగా ఉంటే, ముందుకే వెళ్లాలి. కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అయి ముఖ్యమైన పనులను ఆగినచోటి నుంచి అందుకుంటుంది. 16-68 అడగడం మానేయాలి, ఆ అంకె భూమ్మీది హ్యూస్టన్ కంట్రోల్ కేంద్రం చూసి చెబుతుంది. అసలు మందు మాత్రం దిగడానికి ముందే ఆ స్విచ్‌ను కంప్యూటర్ స్థానంలో పెట్టడం.

లక్షణం: ఎవరూ నొక్కకుండానే అబార్ట్ (దిగడం రద్దు) సంకేతం (అపోలో 14, 1971)

పాత టీవీకి ఒకటి వేసినట్టు ప్యానెల్ మీద తడితే పోతుంది, కాసేపటికి మళ్లీ వస్తుంది. ఆ తీరు చూస్తే స్విచ్ లోపల సోల్డర్ ఉండలాంటి లోహపు ముక్కేదో తేలుతూ కాంటాక్టులను కలుపుతోందని అర్థం. ఇంజిన్ రగిలాక అదే జరిగితే కంప్యూటర్ దిగడం మానేసి పైకి లేపేస్తుంది.

స్విచ్ విప్పే వీల్లేదు కాబట్టి కంప్యూటర్‌నే నమ్మించాలి. నడుస్తున్న ప్రోగ్రాం నంబరు ఉండే చోట ఆక్టల్ (ఎనిమిది ఆధారపు లెక్క) 107, అంటే మామూలు లెక్కలో అబార్ట్ ప్రోగ్రాం నంబరైన 71 రాస్తే, తాను ఇప్పటికే అబార్ట్‌లో ఉన్నాననుకుని బటన్ వైపు చూడదు. ఇంజిన్ రగిలాక థ్రాటిల్ (ఇంజిన్ జోరు) చేత్తో పెంచాలి. తర్వాత గైడెన్స్‌ను కీబోర్డు నుంచి ఆన్ చేసి, అబార్ట్ అనుమతి బిట్ తీసేసి, ప్రోగ్రాం నంబరును తిరిగి 63 (దిగే ప్రోగ్రాం) చేయాలి. ఇక్కడ ఒక చిక్కుంది: ఆపై నిజంగా అబార్ట్ కావాలంటే బటన్ పనిచేయదు, కీబోర్డే దిక్కు.

లక్షణం: ల్యాండింగ్ రాడార్ నేలను పట్టుకోదు (అదే యాత్ర)

రాడార్ దగ్గరి దూరాల స్కేలులోకి ముందే మారిపోయింది. దాని కరెంటు బ్రేకర్ లాగి మళ్లీ నొక్కాలి. 10,000 అడుగుల లోపు రాడార్ రాకపోతే నిబంధన ప్రకారం దిగకూడదు.

లక్షణం: పైకి లేచే ఇంజిన్‌కు చెందిన బ్రేకర్ పిడి విరిగింది (అపోలో 11)

ఇరుకు క్యాబిన్‌లో వీపు మీది సంచి తగిలితే ఇంతే. లోపల మిగిలిన మొనను ఫెల్ట్ పెన్నుతో నొక్కాలి. లోహపు వస్తువు పెట్టొద్దు, అక్కడ కరెంటు ఉంటుంది.