నోట్‌ప్యాడ్‌++ పాత ఇన్‌స్టాలర్‌లో లోపం: అడ్మిన్ హక్కులు చేజారకుండా ఏం చేయాలి

విండోస్‌లో వాడే టెక్స్ట్ ఎడిటర్ నోట్‌ప్యాడ్‌++ 8.8.1, అంతకు ముందు వెర్షన్లలో సీవీఈ-2025-49144 (భద్రతా లోపాల జాబితాలో దానికిచ్చిన నంబర్) అనే లోపం ఉంది. అది ఎడిటర్‌లో కాదు, దాని ఇన్‌స్టాలర్‌లో ఉంది. కాబట్టి ఎడిటర్‌ను అప్‌డేట్ చేసి ఊరుకుంటే చాలదు. డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న పాత సెటప్ ఫైల్‌ను ఎవరు మళ్లీ నడిపినా ప్రమాదమే.

సెటప్ నడిచేది అడ్మిన్ హక్కులతో. రైట్‌క్లిక్ మెనూకు సంబంధించిన డీఎల్‌ఎల్‌ను (ప్రోగ్రామ్‌లు వాడుకునే కోడ్ ఫైల్‌ను) నమోదు చేయడానికి అది రెగ్‌ఎస్‌వీఆర్‌32 అనే విండోస్ టూల్‌ను పిలుస్తుంది, కానీ పూర్తి పాత్ (ఆ టూల్ ఏ ఫోల్డర్‌లో ఉందో) ఇవ్వదు. అలాంటప్పుడు విండోస్ ముందు సెటప్ ఉన్న ఫోల్డర్‌లో, ఆ తర్వాత కరెంట్ ఫోల్డర్‌లో వెతికి, చివరికి అసలు టూల్ ఉండే విండోస్ ఫోల్డర్ సిస్టమ్32 దగ్గరికి వెళుతుంది. అదే పేరుతో నకిలీ ఫైల్ పక్కనే ఉంటే, అడ్మిన్ హక్కులు దానికి దక్కుతాయి. అనుమతి అడిగే విండోలో కనబడేది నోట్‌ప్యాడ్‌++ పేరే కనుక మనం అనుమానించకుండా 'ఎస్' నొక్కేస్తాం.

ముందుగా ఎడిటర్‌లో '?' మెనూ తెరిచి 'డీబగ్ ఇన్ఫో' చూడండి. వెర్షన్, పాత్, అడ్మిన్ మోడ్ మూడూ అక్కడే ఉంటాయి. అడ్మిన్ మోడ్ 'ఆన్' అని ఉంటే, రోజువారీ పనికి అది అవసరమా అని ఒకసారి ఆలోచించండి. సాధారణంగా అవసరం ఉండదు.

ఈ లోపాన్ని 8.8.2లో సరిచేశారు. అయినా 8.8.9 లేదా తర్వాతిదే పెట్టుకోవడం మేలు. తాను దించుకున్న ఇన్‌స్టాలర్ సంతకాన్ని, సర్టిఫికెట్‌ను అప్‌డేటర్ సరిచూడటం ఆ వెర్షన్ నుంచే మొదలైంది. ఫైల్‌ను అధికారిక సైట్ నుంచే తీసుకోండి. నడిపే ముందు ప్రాపర్టీస్‌లో 'డిజిటల్ సిగ్నేచర్స్' ట్యాబ్ చూడండి.

పాత సెటప్‌నే నడపక తప్పకపోతే ఎక్కడినుంచి నడుపుతున్నారన్నది ముఖ్యం. 'ఖాళీ ఫోల్డర్‌లో పెడితే చాలు' అనేది సగం సలహా. సీ డ్రైవ్ రూట్‌లో కొత్త ఫోల్డర్ చేస్తే, డిఫాల్ట్‌గా లాగిన్ అయిన ఏ యూజరైనా అందులో ఫైళ్లు రాయగలడు. ప్రోగ్రామ్ ఫైల్స్ లోపల కొత్త ఫోల్డర్ చేసి, సెటప్‌ను ఒంటరిగా అక్కడికి కాపీ చేసి, అక్కడినుంచే నడపండి. అందులో రాయాలంటే అడ్మిన్ అయి ఉండాలి. ఎడిటర్‌నూ డిఫాల్ట్ చోటే ఉంచండి. అందరూ రాయగల ఫోల్డర్‌లో పెడితే ప్లగిన్ డీఎల్‌ఎల్‌లను ఎవరైనా మార్చేయవచ్చు.

తర్వాత డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్, షేర్డ్ డ్రైవ్‌లు, ఆఫీసు డిప్లాయ్‌మెంట్ ప్యాకేజీల్లో పాత సెటప్‌లను వెతికి తీసేయండి. అందరూ మరిచేది చివరి రెండూ.

అదే ఊపులో రెగ్‌ఎస్‌వీఆర్‌32.ఈఎక్స్‌ఈ కోసం డ్రైవ్ అంతా గాలించండి. దాగిన ఫైళ్లు కూడా కనబడేలా పెట్టుకోవాలి. విండోస్ సొంత ఫోల్డర్లైన సిస్టమ్32, సిస్‌వావ్64, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లలో ఉన్నవి అసలువి. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్‌లోనో కనబడితే డబుల్ క్లిక్ చేయకండి, వెంటనే డిలీట్ కూడా చేయకండి. నెట్‌వర్క్ తీసేసి, ఫైల్ తేదీని పాత సెటప్ నడిపిన తేదీతో పోల్చండి. ప్రాసెస్ క్రియేషన్ ఆడిటింగ్ (మొదలైన ప్రతి ప్రోగ్రామ్‌నూ రాసి పెట్టే విండోస్ సెట్టింగ్) ముందే ఆన్‌లో ఉంటే, సెక్యూరిటీ లాగ్‌లో 4688 ఈవెంట్ రెగ్‌ఎస్‌వీఆర్‌32 ఏ పాత్ నుంచి నడిచిందో చూపిస్తుంది. నకిలీ నడిచిందని తేలితే ఆ ఫైల్‌ను తీసేస్తే సరిపోదు. అడ్మిన్ హక్కులు పొందిన ప్రోగ్రామ్ ఇంకేం వదిలి వెళ్లిందో తేల్చలేం కనుక విండోస్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి, ఆ మెషీన్‌లో వాడిన పాస్‌వర్డ్‌లన్నీ వేరే మెషీన్ నుంచి మార్చండి.